ఈ వారం మృతులు

ఆయన చనిపోయాడని తెలియక ఆ అమ్మాయి పావుగంట సేపు కారు నడిపింది.

ఇంగ్లండులోని బ్రాక్‌నెల్‌లో నాలుగు రౌండబౌట్లు దాటింది. ఒక స్కూలు ముందు వేగం తగ్గించింది. ఇరుకు రోడ్డులో ఎదురుగా బస్సు వస్తుంటే పక్కకి ఆగి దారిచ్చింది. ఎడమ సీట్లో ఉన్న మాస్టారు ఒక్క మాట అనలేదు. వైజాగ్ నుంచి వచ్చి నాలుగు నెలలైన పిల్ల, అది ఆమెకి పదకొండో క్లాసు. అంతకు ముందు పది క్లాసుల్లో ఆయన వరసగా ఐదు నిమిషాలు ఊరుకున్నది లేదు.

"నేను బాగా నడిపేస్తున్నానేమో అనుకున్నానండి," అని తర్వాత నాతో చెప్పింది. "చాలా ఆనందంగా ఉందండి, ఆ పావుగంటా."

ఎటు తిప్పమంటారని అడిగితే జవాబు రాలేదు. అప్పుడు పక్కకి చూసింది. చూశాక కూడా అంతా ఆయన నేర్పినట్టే చేసింది. అద్దం చూసింది, సిగ్నల్ వేసింది, కారుని పేవ్‌మెంటు పక్కకి తెచ్చి ఆపింది, హ్యాండ్‌బ్రేకు లాగి గేరు న్యూట్రల్‌కి మార్చింది. ఆ తర్వాత అరిచింది.

ఇది 2008 డిసెంబరులో సంగతి.

ఆయనది ప్రొద్దుటూరు అని తెలుసు. ఇక్కడికి ఎప్పుడు వచ్చారో, అంతకు ముందు ఏం చేసేవారో నేనెప్పుడూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. నాకు తెలిసిన మనిషి పొద్దున తొమ్మిదిన్నరకి మొదలై సాయంత్రం ఆరుకి ముగిసేవాడు. ఒక చిన్న వెండి రంగు కారు, దాని నెత్తిన తెల్లటి బోర్డు, ఎడమ సీట్లో చేతులు కట్టుకుని కూర్చున్న ఒక సన్నటి మనిషి. ఆయన బూట్లలో కుడి బూటు అడుగు మాత్రమే అరిగేది. నేర్పేవాళ్ళ కార్లలో ఎడమ సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది, ఆయన రోజంతా దాన్ని తొక్కేవారు. ఆరు నెలలకోసారి ఒక్క కుడి బూటుకే కొత్త అడుగు వేయించేవారు. ఆ చెప్పుల షాపు ఇంగ్లీషాయన ఆయనకి ఒకే కాలు ఉందనుకున్నాడట. ఒకరోజు రెండు కాళ్ళతో నడుచుకుంటూ వెళ్ళేసరికి లేచి నిలబడ్డాడని మాస్టారు చెప్పి నవ్వేవారు.

నేను కూడా ఆయన శిష్యుణ్ణే. రాజమండ్రిలో ఒక దినపత్రిక డెస్కులో పదిహేనేళ్ళు పనిచేసి, నా భార్యకి ఇక్కడ ఉద్యోగం రావడంతో వెంట వచ్చినవాణ్ణి. నలభై దాటాక స్టీరింగు పట్టుకున్నాను. మొదటి క్లాసులో నన్ను "సార్" అన్నారు. బెల్టు పెట్టుకోండి సార్, అద్దం సరిచేసుకోండి సార్. మూడో మలుపు దగ్గర కారు ఒక్కసారిగా ఆగింది. ఆపింది నేను కాదు.

"చంపితివప్పా," అన్నారు నెమ్మదిగా.

రోడ్డు మీద పిట్ట కూడా లేదు. "ఎవర్నండీ?" అన్నాను.

"డెబ్బై ఏండ్ల ముసలామె. చేతిలో బ్రెడ్డు ప్యాకెట్టు. ఇంట్లో పిల్లి ఉంది, దానికని పాలు గూడా కొనుక్కోని వస్తాండె. ఆ సందులోంచి అడుగు బయట పెట్టిందో లేదో, గుద్దితివి."

"అక్కడెవరూ లేరు కదండీ?"

"ఈ పొద్దు లేదు. ఆ పిల్లికి ఏం చెప్తావు?"

ముందున్న అర తెరిచి ఎర్ర అట్ట నోటుబుక్కు తీశారు. నా పేరు కింద 'ముసలామె, బ్రెడ్డు, పిల్లి' అని రాసుకున్నారు. మూసి లోపల పెట్టి, "బండి తియ్," అన్నారు. ఆ క్షణం నుంచి నేను సార్‌ని కాదు. చంపినవాడికి అంత మర్యాద ఎందుకని కాబోలు.

ఆయన ఎప్పుడూ గొంతు పెంచలేదు. అరిచే మాస్టార్ల దగ్గర నేర్చుకున్నవాళ్ళు అరుపుకి అలవాటు పడిపోతారు. ఈయనకి అలవాటు పడటం కుదరదు. చిన్న కూతురున్న ఇంజినీరు కారు నడుపుతుంటే అతని చేత ఎర్ర స్వెటరు వేసుకున్న నాలుగేళ్ళ పాపని చంపించేవారు. ఆ ఇంజినీరు కూతురికి ఎర్ర స్వెటరు ఉందని ముందే చూసి ఉంచుకునేవారు. తల్లి ఇండియా నుంచి వచ్చి ఇంట్లో ఉన్న అమ్మాయికైతే, "మీ అమ్మంత ఉంటాది. చీర కట్టుకోని ఉండె. చలికి మీద కోటు తొడుక్కోనుండె," అనేవారు. ఎవరి చేత ఎవర్ని చంపించాలో ఆయనకి బాగా తెలుసు. కారు దిగేటప్పటికి పెద్ద పెద్ద మగవాళ్ళు కూడా వెనక్కి తిరిగి రోడ్డు చూసుకునేవాళ్ళు.

అలా అని చెడ్డ మాస్టారు అనడానికి లేదు. నేను ఈ రోజుకీ ప్రతి సందు మొగలో ఆ ముసలామె కోసం చూస్తాను.

టెస్టు రోజున మాత్రం మనిషి మెత్తబడేవారు. మనవాళ్ళు టెస్టు అనగానే నిమ్మకాయలు పట్టుకొచ్చేవారు. టెస్టు సెంటరుకి ముందు వీధిలో ఆయనే వంగి నాలుగు చక్రాల కిందా నాలుగు కాయలు పెట్టేవారు. "మీకు నమ్మకం ఉందా మాస్టారూ?" అని అడిగితే, "నాకెందుకప్పా? టెస్టు నీది," అనేవారు. ఆ మూల తారు రోడ్డు మీద ఎప్పుడూ పచ్చటి పిప్పి ఉండేది. అక్కడ పనిచేసే పెద్దవయసు ఎగ్జామినర్ ఒకాయన టైరు వాసన చూసి, "ఇవాళ మీ వాడికి భయం ఎక్కువున్నట్టుంది, కాయలు పెద్దవి," అని ఇంగ్లీషులో అన్నాడట.

2006లో ఒకరోజు మాస్టారు మా ఇంటికొచ్చారు. నేను అప్పటికి లైబ్రరీలో పెట్టిన ఉచిత క్లాసులకి వెళ్ళి వెబ్‌సైట్లు తయారుచేయడం నేర్చుకుని ఉన్నాను.

"సైటొకటి కావాలప్పా. రీడింగ్ టౌన్లో ఆ పంజాబీ మాస్టరుకి ఉందంట."

చేసిపెట్టాను. నాలుగు పేజీలు. మొదటి దాంట్లో కారు బొమ్మ, రెండో దాంట్లో క్లాసుల వివరాలు, మూడో దాంట్లో పాసైనవాళ్ళు కారు పక్కన సర్టిఫికెట్టు పట్టుకుని దిగిన ఫోటోలు, నాలుగో దాంట్లో ఫోను నంబరు. అన్నిటి కిందా ఎంతమంది చూశారో చెప్పే అంకెల పట్టీ ఒకటి. మూడు వారాలకి ఆ అంకె యాభై దాటలేదు. అందులో సగం తానేనని మాస్టారు ఒప్పుకున్నారు. "ఎవరన్నా వచ్చినారేమోనని దినామూ నేనే తెరుస్తాండా."

"రోజూ అదే ఉంటే ఎవరొస్తారండీ? నిన్నటి పేపరు ఎవరు కొంటారు? వారానికొకటైనా కొత్తది రాస్తుండాలి. బ్లాగంటారు దాన్ని," అన్నాను.

"కొత్తది యాడిదప్పా నా దగ్గర? దినామూ అవే రౌండబౌట్లు."

అప్పుడు నేనే అడిగాను, ఆ ఎర్ర నోటుబుక్కు ఒకసారి ఇస్తారా అని.

డెస్కులో నా ఉద్యోగం జిల్లా పేజీ. పదిహేనేళ్ళు రోడ్డు ప్రమాదాలు దిద్దాను. లారీ ఢీకొని ఇద్దరి దుర్మరణం, అదుపు తప్పిన ఆటో, మృతుల్లో తల్లీకూతుళ్ళు. ఆ భాష నాకు నిద్రలో కూడా వస్తుంది. నోటుబుక్కు ముందు పెట్టుకుని ఆ భాషలోనే రాశాను. శీర్షిక 'ఈ వారం మృతులు'. మొదటిది ఇలా ఉంది:

'బ్రాక్‌నెల్: మంగళవారం ఉదయం రౌండబౌట్ వద్ద జరిగిన ఘోర ప్రమాదంలో ఒక పోస్ట్‌మాన్, రెండు బాతులు అక్కడికక్కడే మృతి చెందారు. కారు నడుపుతున్న నెల్లూరు యువకుడు, "నేను కుడి పక్క చూస్తుంటే వాళ్ళు ఎడమ పక్క నుంచి వచ్చారు," అని వాపోయారు. ఉత్తరాలు అందనివారు డ్రైవింగ్ స్కూలును సంప్రదించగలరు. బాతుల కుటుంబానికి మాస్టారు ప్రగాఢ సానుభూతి తెలిపారు.'

చాలామంది కంప్యూటర్లలో తెలుగు అక్షరాలకి బదులు డబ్బాలు కనిపించేవి. వాటిని సరిచేసుకునే పద్ధతి కూడా పేజీ మీద రాశాను. జనం ఓపిగ్గా సరిచేసుకుని చదివారు. ఒకరికొకరు పంపుకున్నారు. నెల తిరక్కుండా కార్డిఫ్ నుంచీ బెల్‌ఫాస్ట్ నుంచీ కూడా కామెంట్లు రావడం మొదలైంది. పేర్లు వేసేవాళ్ళం కాదు. అయినా ఎవరు ఎవరో అందరికీ తెలిసేది. నెల్లూరు అబ్బాయి ఐదుసార్లు టెస్టు తప్పి, మా శీర్షికలో అందరికంటే ఎక్కువమందిని చంపి, ఎక్కడికెళ్ళినా "బాతుల్ని చంపింది నేనే," అని చెప్పుకునేవాడు. మాస్టారి దగ్గర నేర్చుకోవాలంటే రెండు నెలలు ఆగాల్సి వచ్చేది.

ప్రతి శనివారం పొద్దున ఆయన ముందు గదిలో కూర్చునేవాళ్ళం. వాళ్ళావిడ బొరుగులు నానబెట్టి ఉగ్గాణి చేసి పెట్టేది. నన్ను అన్నా అనేది. ఆయన నోటుబుక్కు చూసి చెబుతుంటే నేను టైపు చేసేవాణ్ణి. 2007 డిసెంబరులో ఆయన మూడు వారాలు ఊరికి వెళ్తూ, క్లాసులు లేవని ఒక్కొక్కరికీ ఫోను చెయ్యడం ఎందుకన్నారు. "నన్నే చంపెయ్యప్పా," అన్నారు. చంపేశాను. 'రివర్సు చేస్తున్న నెల్లూరు యువకుడి కారు కింద పడి డ్రైవింగ్ మాస్టారు దుర్మరణం. జనవరి పదిహేనున తొమ్మిదిన్నరకి పునర్జన్మ.' అంతవరకు మేం రాసినవాటిలో దానికి వచ్చినంత నవ్వు దేనికీ రాలేదు.

డాక్టరమ్మ సంగతి ఆ తర్వాతి వేసవిలో.

గుంటూరామె. దగ్గర్లోని ఆస్పత్రిలో డాక్టరు. ఆస్పత్రి వదిలి ఒక సర్జరీలో, అంటే ఇక్కడ పేటకొకటి ఉండే జీపీ క్లినిక్కులో, చేరాలని ప్రయత్నిస్తోంది. అందులో చేరితే ముసలి రోగుల ఇళ్ళకి వెళ్ళి చూడాలి, అందుకు డ్రైవింగ్ లైసెన్సు ఉండి తీరాలి. అప్పటికి నాలుగుసార్లు టెస్టు తప్పింది. మాస్టారు ఆమెకి మర్యాద తగ్గించలేదు. "చంపితిరి డాక్టరమ్మా," అనేవారు.

ఒక బుధవారం కారు ఎక్కుతూనే ఆమె, ముందు రోజు వార్డులో తన రోగి ఒకాయన చనిపోయాడనీ, మనసు బాగాలేదనీ, తప్పులు చేస్తే ఏమనుకోవద్దనీ మాస్టారికి చెప్పింది. పది నిమిషాల తర్వాత ఆయన బ్రేకు తొక్కారు.

"చంపితిరి డాక్టరమ్మా. నడివయసు మనిషి. ఆస్పత్రి నుంచి డిశ్చార్జి అయి ఇంటికి పోతాండె. మీరే బాగుచేసి పంపించింటిరి."

ఆమె స్టీరింగు మీద తల పెట్టి ఇరవై నిమిషాలు ఏడ్చింది. ఇదంతా శనివారం నాడు ఆయనే నాకు చెప్పారు, రోగి చనిపోయిన సంగతితో సహా.

"తెలిసీ ఎందుకన్నారండీ?" అన్నాను.

"తెలిసే అంటిని. దిగులు పెట్టుకోని బండి తోలేవాళ్ళే నిజంగా చంపేది. ఆ పొద్దు ఆయమ్మకి వేరే ఎవరిని చెప్పినా గుర్తుండదు."

నేను రాశాను. 'డాక్టరు చేతిలో మరొకరు' అన్నది నేను పెట్టిన హెడ్డింగు. గుంటూరు డాక్టరు గారు ఆస్పత్రిలో పని చాలక రోడ్డు మీద కూడా ప్రాక్టీసు పెట్టారని రాశాను. నాలుగు టెస్టులు, పందొమ్మిది మంది మృతులు అని రాశాను. చివరి వాక్యం: 'అనంతరం నిందితురాలు ఇరవై నిమిషాలు విలపించి, ముక్కు చీది, మళ్ళీ ఫస్టు గేరు వేశారు.' ఎందుకు విలపించిందో రాయలేదు. ఆ ముక్క రాస్తే నవ్వు చచ్చిపోతుంది. వార్తకి అడ్డంగా ఉన్న వాక్యాన్ని కొట్టేయడం డెస్కులో ముందుగా నేర్చుకునే పని.

ఆ పోస్టు మాస్టారి పునర్జన్మని కూడా మించిపోయింది.

రెండు వారాల తర్వాత శనివారం పొద్దున ఆమె మాస్టారి ఇంటికి వచ్చింది. రాత్రి డ్యూటీ దిగి అలాగే వచ్చినట్టుంది, మెడలో ఆస్పత్రి కార్డు వేలాడుతోంది. నేను కంప్యూటరు ముందున్నాను.

"మాస్టారూ, ఆ పోస్టు తీసేయండి," అంది నిలబడే.

"ఏ పోస్టు మా?"

"ఏదో మీకు తెలుసు. పది రోజుల్లో నాకు సర్జరీలో ఇంటర్వ్యూ ఉంది. అక్కడ పెద్ద డాక్టరు మనాయనే, తెనాలి. పోయిన ఆదివారం ఎవరిదో పుట్టినరోజుకెళ్తే అది పైకి చదివి అందర్నీ నవ్విస్తున్నాడు. అది నేనని ఆయనకింకా తెలియదు. రేపు ఇంటర్వ్యూలో లైసెన్సు సంగతి అడుగుతారా లేదా? గుంటూరు, డాక్టరు, నాలుగుసార్లు ఫెయిలు. ఇక్కడ ఎంతమందిమి ఉన్నామండీ అలాగ?"

"అది జోకమ్మా. చదివినోళ్ళందరికీ జోకని తెలుసు."

"తెలిస్తే? ఉద్యోగమిచ్చేవాడికి నన్ను చూడగానే నవ్వొస్తే సరిపోదూ?"

"పేరు పెట్టలేదు కదా."

ఆమె నా వైపు తిరిగింది. "రాసింది మీరేగా?"

"ఆయన చెప్పింది రాశానమ్మా."

"ఆ రోజు నేనెందుకు ఏడ్చానో చెప్పలేదా మీకు?"

"లేదమ్మా," అన్నాను.

మాస్టారు నన్నొకసారి చూశారు. టీ కప్పులతో వచ్చి గుమ్మంలో నిలబడిన వాళ్ళావిడే అంది. "తీసేయండి. ఆడమనిషి ఇంటికొచ్చి అడుగుతాంది."

"నువ్వు టీ ఇయ్యి," అన్నారాయన. తర్వాత నాతో, "ఒకటి తీస్తే అందరూ తీయమంటారప్పా. వద్దు."

మౌసు నా చేతిలో ఉంది. పాస్‌వర్డు నాది. తీయడానికి ఆయన ఒప్పుకోవాల్సిన పని లేదు, ఒక్క నొక్కు చాలు. పేజీ అడుగున అంకెల పట్టీ కనిపిస్తోంది. పదిహేనేళ్ళు ఎవరెవరో రాసిన వార్తలు దిద్దినవాణ్ణి. నా వాక్యాన్ని ఎవరో పైకి చదివితే జనం నవ్వారని వినడం అదే మొదటిసారి. ఆమె ఫిర్యాదులో నా చెవికి ముందుగా తగిలింది ఆ ముక్కే.

నేను నొక్కలేదు.

ఆమె టీ తాగలేదు. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "మంగళవారం క్లాసుందా?"

"ఉంది. తొమ్మిదిన్నరకి," అన్నారు మాస్టారు.

ఇంటర్వ్యూ చివర్లో తెనాలి డాక్టరు పక్కవాళ్ళకి అర్థం కాకుండా తెలుగులో అడిగాడట, "ఇప్పటికి స్కోరెంతమ్మా?" అని. ఉద్యోగం ఇంకెవరికో వచ్చింది. ఆ నవ్వు వల్లే ఆమెకి రాలేదని నేను రాయలేను. ఆధారం లేనిది రాయకూడదు. ఆ నియమం నాకు అప్పుడు చాలా గట్టిగా గుర్తొచ్చింది.

తర్వాతి నెలలో ఆమె టెస్టు పాసైంది, ఒక్క చిన్న తప్పుతో. మాస్టారి దగ్గర అంత బాగా పాసైనవాళ్ళు లేరు. ఫోటో తీయబోతే ఆమె వెనక్కి తిరిగింది. ఆయన అలాగే తీశారు. కారు, పక్కన ఆమె వీపు, జడ. దాన్ని కూడా సైట్లో పెట్టమన్నారు. పెట్టాను.

ఆయన పోయిన మర్నాడు వాళ్ళావిడ నన్ను పిలిపించింది. వాళ్ళకి పిల్లలు లేరు, ఈ దేశంలో బంధువులూ లేరు. శవాన్ని ఊరికి తీసుకెళ్ళడం వద్దనుకుంది.

"ఆ సైట్లో వేయన్నా. ఆయన నేర్పినోళ్ళందరూ చూసేది దాంట్లోనే కదా. రెండు నూర్ల మంది ఉంటారు. అందురూ రావల్లన్నా. ఒంటరిగా పంపించగూడదు."

దహనవాటికలో చిన్న హాలు, పెద్ద హాలు ఉన్నాయి. ఆమె పెద్దది తీసుకుంది. శిష్యుల నంబర్లన్నీ ఆయన ఫోనులో ఉన్నాయి, అది ఆగిపోయింది, దాన్ని మళ్ళీ తెరిచే అంకెలు ఆయనతోనే పోయాయి. సైటు తప్ప దారి లేదు.

డెస్కులో అందరికీ రాసినట్టే రాశాను. 'బ్రాక్‌నెల్: డ్రైవింగ్ మాస్టారు మంగళవారం ఉదయం క్లాసు చెబుతుండగా కారులోనే గుండె ఆగి మరణించారు. కారు నడుపుతున్న విద్యార్థినికి గాయాలు కాలేదు. అంత్యక్రియలు వచ్చే గురువారం మధ్యాహ్నం రెండు గంటలకు.' కింద దహనవాటిక చిరునామా. ఏ పోస్టు పెట్టినా పైన 'ఈ వారం మృతులు' అన్న శీర్షిక దానంతటదే వచ్చేలా పేజీని నేనే కట్టాను. ఈసారీ వచ్చింది. చూశాను. దాన్ని తీయాలంటే పేజీ అంతా విప్పాలి, గంట పని. తర్వాత చూద్దాంలే అనుకున్నాను.

గంటలో మొదటి కామెంటు వచ్చింది. 'ఈ ఏడాది పునర్జన్మ ఎప్పుడు మాస్టారూ?'

రెండోది: 'విద్యార్థినికి గాయాలు కాలేదట, కారుకి?'

మూడోది: 'డాక్టరమ్మ పనేనా?'

'డిసెంబరొచ్చింది, మాస్టారు ఊరికి చెక్కేశారు' అని ఒకరు. చిరునామా కూడా ఇచ్చారు, ఏం డెడికేషన్ అని ఇంకొకరు. నేను కింద రాశాను: 'ఇది నిజం. మాస్టారు నిజంగా చనిపోయారు. దయచేసి రండి.' దాని కింద నవ్వులు ఇంకా ఎక్కువయ్యాయి. నిజంగా అనడంలోనే ఉంది మజా అని ఒకాయన మెచ్చుకున్నాడు. ఫోను చేస్తే ఆపేసి ఉందనీ, జోకుని అంత దూరం తీసుకెళ్ళడం ఆయనకే చెల్లిందనీ ఇంకొకాయన రాశాడు. నేను ఎంత మామూలుగా రాస్తే వాళ్ళకి అంత బాగా నవ్వొచ్చింది. మూడో రోజుకి రాయడం మానేశాను. శీర్షిక మాత్రం అలాగే ఉంది.

గురువారం పెద్ద హాల్లో ఆరుగురం ఉన్నాం. వాళ్ళావిడ, నేను, నా భార్య, చివరి క్లాసు అమ్మాయి, టెస్టు సెంటరులో కబురు విని నల్ల టై కట్టుకుని వచ్చిన ఆ పెద్దవయసు ఎగ్జామినరు. ఆరో మనిషి డాక్టరమ్మ. తన కారు తనే నడుపుకుంటూ వచ్చి, చాలా చక్కగా, గీతల మధ్య వెనక్కి పెట్టి ఆపింది. పెట్టె మోయడానికి మనవాళ్ళు చాలక ఆ కంపెనీ మనుషులే మోశారు.

"బూట్లు గూడా తొడగమన్నానన్నా," అంది వాళ్ళావిడ. "కుడిదానికి మొన్ననే కొత్త అడుగు ఏయించిండె."

ఇక్కడ ఒక్కొక్కరికి అరగంటే ఇస్తారు. పది నిమిషాలు ఖాళీ కుర్చీలు చూస్తూ గడిచిపోయాయి. ఆమె తలుపు వైపు చూసి నన్నడిగింది.

"అందురూ చదివినారా అన్నా?"

"చదివారమ్మా."

"మరి?"

వెనక వరసలోంచి డాక్టరమ్మ చెప్పింది. గొంతులో కోపం లేదు.

"చదివినవాళ్ళందరికీ జోకని తెలుసండీ."

వాళ్ళావిడ తల తిప్పి ఆమెని చూసింది. ఆ మాట ఎవరిదో, ఏ గదిలో అన్నదో గుర్తుపట్టింది. తల దించుకుని, "అవునమ్మా, అట్లే అనె," అంది.

బయటికి వచ్చాక నేను డాక్టరమ్మని అడిగాను, మీకు నిజమని ఎలా తెలిసిందని.

"జోకైతే ఎవరో ఒకరు ఏడ్చినట్టు మీరు రాసేవారు," అంది. తాళాలు తీసి కారెక్కి, బెల్టు పెట్టుకుని, అద్దం సరిచేసుకుని వెళ్ళిపోయింది.

ఇంటికి రాగానే డాక్టరమ్మ మీద రాసిన పోస్టు తీసేద్దామని సైటు తెరిచాను. మాస్టారి పోస్టు కింద అప్పుడే కొత్త కామెంటు ఒకటి వచ్చి ఉంది. నెల్లూరు అబ్బాయిది.

'జోకు అయిపోతే చెప్పండి మాస్టారూ. శనివారం నా టెస్టు. నిమ్మకాయలు నన్నే పెట్టుకోమంటారా?'